అలకచెట్టు ముట్టిన చెయ్యి

నర్సరీ, అంట్ల షెడ్డు
వానలకు ముందు

ఒరే బుడంకాయ్,

బెరడు మూట పంపుతున్నాను. మన వ్యాను డ్రైవరు నీ ల్యాబు గేటు దగ్గర దించి పోతాడు. ఈ ఉత్తరం మూటలోనే పెట్టాను, గోనె విప్పగానే చేతికి తగిలేలా. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు "ఊఁ, ఊఁ" తప్ప ఇంకో ముక్క మాట్లాడవు. నేను గంటసేపు వాగి పెట్టేశాక, వీడు విన్నాడా, నిద్రపోయాడా అని నాకే అనుమానం వస్తుంది. కాగితం ముందు కూర్చుంటే మాత్రం చిన్నప్పటి నుంచీ నీకు నోరొస్తుంది. అందుకని ఇకమీదట వ్యాను వచ్చినప్పుడల్లా నాకో ఉత్తరం కావాలి. బెరడుకి అదే ధర.

బెరడు నేనే ఒలిచాను. పనివాళ్ళకి అప్పగిస్తే చెట్టు చుట్టూ గీకి పారేస్తారు, అది ఎండిపోయి కూర్చుంటుంది. అంట్లు కట్టడం అంతా అయిపోయాక, సాయంత్రం గేటు మూలకి వెళ్ళి ఒలిచాను. కొత్తగా చేరిన పనమ్మాయి "పొద్దున్నే ఒలవచ్చుగా అమ్మా, చల్లగా ఉండేది" అంది. "అలకచెట్టు ముట్టిన చేత్తో ఆ రోజు అంటు కట్టకూడదు. అంటు అలుగుతుంది" అన్నాను. అచ్చం నాన్న గొంతే. ఆ పిల్ల కూడా మనలాగే వెంటనే తలూపింది.

నాన్న కూర్చునే పొట్టి పీట ఇంకా షెడ్డులోనే ఉంది. ఒక కాలు విరిగితే మీ బావ మేకు కొట్టాడు. రైల్వే కౌంటరులో టికెట్లిచ్చే చెయ్యి కదా, మేకు వంకర పోయింది. దాని మీద కూర్చుంటే ఓడ మీద ఉన్నట్టు ఊగుతోంది.

ఇంతకీ ఆ బెరడుతో ఏం చేస్తున్నావు? పోయినసారి ఫోన్లో "కోడిగుడ్లు" అన్నావు, లైను తెగింది. చిన్నప్పుడు నిన్ను కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం అనేవాళ్ళం. ఇప్పుడు దానికి జీతం కూడా ఇస్తున్నారా ఏమిటి?

నీ అక్క

*

ల్యాబు, గుడ్ల గది

అక్కకి,

జీతం ఇస్తున్నారు, కానీ ఈకల లెక్కన కాదు.

నేను కూర్చునే గదికి కిటికీ లేదు. ఒక గోడంతా ఇంక్యుబేటరు. ఎప్పుడూ సన్నగా మూలుగుతూ ఉంటుంది. లోపల ట్రేలలో గుడ్లు అడ్డంగా పడుకుని ఉంటాయి. చిన్న కత్తెరతో పెంకుకి గోరంత కిటికీ కోసి, దాని మీద టేపు అతికిస్తాను, నువ్వు అంటుకి పట్టీ చుట్టినంత జాగ్రత్తగా. ఆ కిటికీలోంచి చూస్తే లోపల పల్చటి పొర మీద ఎర్రటి రక్తనాళాలు కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తాయి. రోజురోజుకీ కొత్త రెమ్మలు వేస్తాయి. నువ్వు చూస్తే నీ చేతులు కత్తి కోసం వెతుక్కుంటాయి.

కణితి మొదట్లో ఆవగింజంత ఉంటుంది. ఆ సైజులో దానికి సొంత రక్తం అక్కర్లేదు, చుట్టుపక్కల నుంచి ఊరింది చాలు. పెరగాలంటే మాత్రం రక్తం కావాలి. అప్పుడది దగ్గర్లో ఉన్న రక్తనాళాలకి కబురు పెడుతుంది. అవి రెమ్మలు వేసి దాని వైపు పాక్కుంటూ వస్తాయి. మన పాత మామిడి మీద బదనిక పట్టి, కొమ్మలోంచి రసం లాగేసేది గుర్తుందా? అలాంటిదే. కణితిని చంపకపోయినా సరే, దానికి రక్తం అందకుండా చేసే మందు కోసం అందరూ వెతుకుతున్నారు. కొన్ని చెట్ల బెరడుల్లో, ఆకుల్లో అలాంటి పదార్థాలున్నాయి.

అలకచెట్టు సంగతి ఒకసారి టీ తాగుతూ మా పెద్దావిడకి చెప్పాను. ల్యాబుకి ఆవిడే పెద్ద. "దాన్ని ముట్టిన చేత్తో కడితే అంటు పట్టదనేవాడు మా నాన్న. అంటే అది రసం గొట్టాల్ని కలవనివ్వదేమో" అన్నాను. ఆవిడ నవ్వింది. "చెట్టులో రసం పారే గొట్టాలు వేరు, మన రక్తనాళాలు వేరు బాబూ" అంది. నిజమే. కానీ ఆ వారం గుడ్లు కొన్ని మిగిలిపోయాయి. పారెయ్యడం ఎందుకు, చూడు అంది.

చూశాను అక్కా. బెరడు సారం చుక్క వేసిన చోట రక్తనాళాలు రావడం మానేశాయి. చుట్టూ ఎర్రగా అల్లుకుని, మధ్యలో ఖాళీగా ఓ తెల్లటి మచ్చ. పక్క గదిలోని వాళ్ళని పిలిచి చూపించాను. తర్వాత వరండాలోకి వెళ్ళి ఒక్కణ్ణే నిలబడ్డాను. నాన్నకి చెప్పాలనిపించింది. చెప్పడానికి లేడు కాబట్టి నీకు చెబుతున్నాను.

ఒక్క సవరణ. చెట్టుకి ఆ పేరు అంటు అలిగినందువల్ల రాలేదు. అమ్మ అలిగినప్పుడల్లా దాని కింద కూర్చునేది, అందుకని వచ్చింది. నాకు బాగా గుర్తు.

నీ తమ్ముడు

*

నర్సరీ
వానలు మొదలయ్యాయి

ఒరే తమ్ముడూ,

నీకేం గుర్తురా, అప్పటికి నీకు ముక్కు తుడుచుకోవడం రాదు! అమ్మ అలగడం నిజమే, అక్కడ కూర్చోవడం నిజమే. పేరు మాత్రం నాన్న పెట్టాడు, అంటు అలుగుతుందనే పెట్టాడు. తాతకు దగ్గులు నేర్పకు.

నీ ఉత్తరం మీ బావకి రెండుసార్లు చదివి వినిపించాను. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మీ చెట్టు పనికొచ్చింది" అన్నాడు. గేటు మూల ఎన్నేళ్ళుగానో నిలబడి ఉంది పాపం. పువ్వు పుయ్యదు, కాయ కాయదు. కొట్టేద్దామని నాయనమ్మ ఎన్నిసార్లు గొడ్డలి తెప్పించలేదూ? నాన్న ప్రతిసారీ ఏదో పని చెప్పి గొడ్డలి పట్టినవాణ్ణి అవతలికి పంపేసేవాడు. పొద్దున దాని దగ్గరికెళ్ళి బెరడు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలీలేదులే.

నా రాత చూసి కోడి గీకిందనుకునేవు. నిన్న గులాబీ అంటు కడుతూ బొటనవేలు కోసుకున్నాను. కత్తి కొత్తది, చెయ్యి పాతది. గుడ్డ చుట్టుకుని రాస్తుంటే అక్షరాలన్నీ పక్కకి పడుకుంటున్నాయి. కంగారు పడకు, అంటు కట్టేవాళ్ళకి వేలు తెగడం, దర్జీకి సూది గుచ్చుకోవడం ఒకటే. చిగురు కనిపించేలోపు ఎప్పుడూ మానిపోతుంది.

ఇంకొన్ని సంగతులు రాయి. ఆ సారం ఎలా తీస్తారు? మందు షాపులో దొరికే స్పిరిట్ లాంటివి పొయ్యాలా? చుక్క అంటే ఎంత? గుడ్డుకి సరే, మరి మనిషికి? ఊరికే అడుగుతున్నాను. షెడ్డులో కూర్చుని రోజంతా పుల్లలు చెక్కేదాన్ని, నాకు మాత్రం తెలివి పెరగొద్దా?

నీ అక్క

*

ల్యాబు
జడివాన

అక్కా,

నువ్వు ఇంత శ్రద్ధగా చదువు గురించి అడగడం నా జన్మలో ఇదే మొదలు. పరీక్షల ముందు నా పుస్తకాలు దాచేసి "ఆడుకుందాం రా" అన్నదానివి నువ్వే కదూ?

మనిషికా? ఆ మాట ఇప్పుడే అనకు. గుడ్డు మనిషి కాదు. బెరడులో ఏ పదార్థం ఆ పని చేస్తోందో ముందు విడదీయాలి. అది మంచి కణాల మీద ఏం చేస్తుందో చూడాలి. గుడ్ల తర్వాత ఎలుకలు, ఆ తర్వాత ఇంకా ఎన్నో మెట్లు. మా పెద్దావిడ జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన మందు ఒకటి ఇంకా మెట్ల మీదే ఉందిట.

కానీ చిత్రం ఏమిటంటే, ఖరీదైన ద్రావకాలన్నీ పోసి తీసిన సారం ఎంత పని చేసిందో, ఉత్త నీళ్ళలో మరిగించి తీసిందీ అంతే పని చేసింది. ల్యాబంతా నవ్వుకున్నాం. ఇంత పెద్ద మిషన్లు పెట్టుకుని, చివరికి కషాయం కాచుకుంటున్నాం అని.

ఎలుకల మీద ఇంకో ప్రయోగం కూడా నడుస్తోంది. దాని సంగతి ఇప్పుడొద్దులే. అన్నీ మనం కోరుకున్నట్టు వస్తాయా.

వానకి ఇక్కడ వీధి దీపాలు పొద్దున కూడా వెలుగుతూనే ఉన్నాయి. బెరడు మూట విప్పితే గదంతా మన షెడ్డు వాసన. తడిసిన గోనె, పచ్చి పుల్లలు, నాన్న చొక్కా. గదిలో ఎవరైనా ఉన్నారా అని చూసి, మూటలో మొహం పెట్టి కాసేపు అలాగే ఉన్నాను. నాన్న పళ్ళ మధ్య పట్టీ ముక్క బిగించి, రెండు చేతులతో అంటు పట్టుకుని, మాట్లాడకూడని సమయంలోనే మనం ఏదో అడిగేవాళ్ళం. ఆయన పళ్ళు విప్పకుండా "ఊఁ" అనేవాడు. నా ఫోను "ఊఁ" ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందా?

వేలు జాగ్రత్త.

నీ తమ్ముడు

*

నర్సరీ
వానలు తగ్గుముఖం పట్టాయి

చిరంజీవి తమ్ముడికి,

ఇది కూర్చుని చదువు. గుడ్లు చేతిలో పెట్టుకుని చదవకు.

నా ఎడమ చంక కింద గడ్డ ఉంది. వేసవి చివర్లో మొక్కల తొట్టి ఎత్తుతుంటే చేతికి తగిలింది. సెగ్గడ్డ అనుకున్నాను. మీ బావ చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఆసుపత్రికి వెళ్ళాను. సూదితో తీసి పరీక్ష చేశారు. చెడ్డదే. వచ్చే నెల మొదట్లో కోసి తీసేస్తారు. సర్జన్ గారు మంచి మనిషి, తక్కువ మాట్లాడతాడు, గోళ్ళు నాన్న గోళ్ళలా పొట్టిగా కత్తిరించుకుంటాడు. ఆయన చేతిలో నేను నిశ్చింతగా పడుకోగలను.

ముందే ఎందుకు చెప్పలేదని తిట్టకు. చెబితే నువ్వు అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తావు. గేటు మూల చెట్టుకి ఇన్నాళ్ళకి మంచి రోజొచ్చింది, దాన్నెందుకు ఆపాలి? మీ బావ నోట్లో నువ్వుగింజ నానదు, ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. పాపం, నీ ఫోను వచ్చినప్పుడల్లా పెరట్లోకి పారిపోతున్నాడు.

ఇంకో సంగతి, ఇది వింటే నువ్వు సంతోషిస్తావు. గుడ్డులో రక్తనాళాలు ఆగిపోయాయని రాశావు చూడు, ఆ ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచే నేను బెరడు కషాయం తాగుతున్నాను. పొద్దునొక గ్లాసు, సాయంత్రమొక గ్లాసు. ఎలా కాచాలో తెలీక ఉత్త నీళ్ళలోనే కాచాను. నువ్వు కూడా నీళ్ళే చాలని రాసేసరికి ఎంత ధైర్యం వచ్చిందో! చేదు అంటే అలాంటి ఇలాంటి చేదు కాదు. తాగాక నా చేదు మాటలు పడే మీ బావ మీద కూడా జాలి కలుగుతుంది.

డాక్టరు కోసేది కోస్తాడు. మిగిలింది నాన్న చెట్టు చూసుకుంటుంది. నాకు చావంటే భయం లేదని గొప్పలు చెప్పను, ఉంది. పొద్దున్నే షెడ్డు తలుపు తీసినప్పుడు, చిగుర్ల మీద నీళ్ళు చూసినప్పుడు, ఇవన్నీ నేను లేకుండా కూడా ఇలాగే ఉంటాయి కదా అనిపిస్తుంది. కషాయం తాగేటప్పుడు మాత్రం నాన్న పక్కనే నిలబడి "మొత్తం తాగు" అంటున్నట్టుంటుంది. అందుకే ఒక్క చుక్క మిగల్చను.

అక్షరాలు చూసి నవ్వకు. వేలు ఇంకా సతాయిస్తోంది.

నీ అక్క

*

ల్యాబు
వ్యాను గేటు దగ్గర ఆగి ఉంది

అక్కా,

కషాయం ఆపెయ్యి. ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి ఒక్క చుక్క తాగొద్దు.

ఫోన్ చేశాను. బావ తీశాడు. నువ్వు ఫోను దగ్గరికి రానన్నావట, చెప్పాల్సిందంతా ఉత్తరంలో ఉందన్నావట. "అది నా మాట వినదు, నువ్వే రాయి" అన్నాడు. డ్రైవరుని ఆపి రాస్తున్నాను. తిట్టడానికి కూడా టైము లేదు.

నీకు రాయని ప్రయోగం ఒకటుందన్నానే, అది ఇదే. ఎలుకల వీపు మీద చిన్న గాటు పెట్టి, కొన్నిటికి మామూలు నీళ్ళు, కొన్నిటికి బెరడు సారం ఇచ్చాం. నీళ్ళు తాగినవాటి గాట్లు మూసుకుపోయాయి. సారం తాగినవాటివి నోరు తెరుచుకుని అలాగే ఉన్నాయి. గాయం మానాలన్నా కొత్త రక్తనాళాలు రావాలక్కా. అవి ఎవరి కోసం వస్తున్నాయో ఈ బెరడుకి తెలీదు. కణితి కోసం వచ్చేవాటినీ ఆపుతుంది, గాయం కోసం వచ్చేవాటినీ ఆపుతుంది. నాన్న చెట్టు మీద నువ్వు అంత మురిసిపోతుంటే ఈ సంగతి రాయబుద్ధి కాలేదు. రాసి ఉండాల్సింది.

ఎలుకల్ని నమ్మకపోతే నీ వేలు చూసుకో. నీ ఉత్తరాలు మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మొదటిదాంట్లో అక్షరాలు పూసలు గుచ్చినట్టున్నాయి. వానలు మొదలైనప్పుడు రాసినదాంట్లో పడుకున్నాయి. ఇవాళ వచ్చినదాంట్లో ఇంకా లేవలేదు. "చిగురు కనిపించేలోపు మానిపోతుంది" అని నువ్వే రాశావు. ఆ రోజు కట్టిన గులాబీలు ఈపాటికి మొగ్గ వేసి ఉంటాయి. నీ వేలు మానిందా?

వేలి మీద గాటే మానకపోతే, చంక కింద అంత కోత ఎలా మానుతుంది? కోసింది అతుక్కోవాలి. నువ్వు వెళ్తున్నది అంటు కట్టించుకోవడానికే కదక్కా. నాన్న ఏమన్నాడు? అలకచెట్టు ముట్టిన చేత్తో అంటు కట్టకూడదు. నువ్వు దాన్ని ముట్టుకోవడం కాదు, తాగావు.

సర్జన్ గారికి మొత్తం చెప్పు. ఎప్పటి నుంచి తాగావో, ఎంత తాగావో, ఏమీ దాచకుండా చెప్పు. ఆయన ఆపరేషన్ వెనక్కి జరిపితే జరపనీ. కావాలంటే నాతో మాట్లాడమను. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను, ఆసుపత్రి పేరు బావ చెప్పాడు.

నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. నాన్నని గుర్తు చేసుకోవడానికైనా ఇద్దరం కావాలి. ఒక్కడినే ఉంటే నాకు గుర్తున్నది తప్పని చెప్పేవాళ్ళెవరు?

తమ్ముడు

*

నర్సరీ
ఎండ వచ్చింది

ఒరే,

ఆపేశాను. గ్లాసు కూడా తోమి బోర్లించాను.

నీ ఎలుకలకి భయపడి కాదు. నీ ఉత్తరం చదివి గుడ్డ విప్పి వేలు చూసుకున్నాను. గాటు ఎర్రగా, పచ్చిగా, నిన్న తెగినట్టే ఉంది. దాన్నే గుడ్డ కింద పెట్టుకుని ఇన్నాళ్ళూ తిరిగాను. తర్వాత గులాబీల దగ్గరికెళ్ళాను. మొగ్గలు వేశాయి. అక్కడే మట్టిలో కూలబడ్డాను. మీ బావ వచ్చి లేపాడు.

సర్జన్ గారికి చెప్పాను. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. వేలు చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "మంచిపని చేశారమ్మా, చెప్పారు. చాలామంది చెప్పరు" అన్నాడు. ఆపరేషన్ కొన్ని వారాలు వెనక్కి జరిపాడు. ఈలోగా గడ్డ పెరగదా అంటే, ఈ మాత్రం ఆగొచ్చు, మానని కోత అంతకంటే ప్రమాదం అన్నాడు.

మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నాకు దొరికిన ఒకే ఒక్క ధైర్యాన్ని లాగేసుకున్నావని. ఇప్పుడు లేదు.

నాన్న నియమం గుర్తుచేశావు చూడు, అక్కడ మాత్రం నవ్వొచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను. ఎందుకో ఇప్పుడు చెప్పను. ఆపరేషన్‌కి వస్తున్నావుగా, నీ దుప్పటి నువ్వే తెచ్చుకో. మీ బావ దుప్పట్లు లాగేస్తాడు.

అక్క

*

ల్యాబు, గుడ్ల గది
చలి మొదలైంది

అక్కా,

తిరిగొచ్చి వారం అయింది, ఇంకా చెవుల్లో ఆసుపత్రి ట్రాలీ చప్పుడే వినిపిస్తోంది. ఆ వరండాలో బావా, నేనూ ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఆయన జేబులోంచి పాత టికెట్టు ముక్క తీసి మడతలు పెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉన్నాడు. సర్జన్ గారు తలుపు తీసుకుని బయటికొచ్చినప్పుడు ఆ ముక్క చిరిగిపోయింది. మొత్తం తీసేశామని, అంచుల్లో కూడా ఏమీ మిగల్లేదని ఆయన అంటుంటే, నాకు సగమే వినపడింది. బావని అడిగితే ఆయనకీ సగమే వినపడిందిట. అదృష్టం కొద్దీ వేరువేరు సగాలు.

ఇంజెక్షన్లు ఇంకా చాలా ఉన్నాయని తెలుసు. జుట్టు ఊడుతుందని నువ్వు ముందే కత్తిరించుకున్నావని బావ చెప్పాడు. నాయనమ్మ పోలికలు బయటపడ్డాయా?

కట్టు విప్పారా? కోత ఎలా ఉంది? దాచకుండా రాయి. అక్షరాలు చూసి పట్టేస్తానని తెలుసుగా.

ఇంకో విషయం. ల్యాబులో పని ముందుకి నడుస్తోంది. బెరడులో ఆ పని చేసే పదార్థాన్ని విడదీశాం. గాయాల సంగతి కూడా కలిపి వ్యాసం రాస్తున్నాం, ఎవరూ ఆపరేషన్ ముందు తాగకూడదని స్పష్టంగా. ఈ చెట్టు మీదకి మా దృష్టి ఎలా వెళ్ళిందో మొదటి పేరాలో చెప్పాలిట. "అంటు కట్టే కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న అనుభవం" అని రాద్దామంటోంది మా పెద్దావిడ. నాన్నకి ఈ నియమం ఎవరు నేర్పారు? తాతయ్యా, ముత్తాతా? ఎన్ని తరాలో కాస్త కనుక్కుని రాయి. అచ్చులో నాన్న మాట చూడాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

నీ తమ్ముడు

*

నర్సరీ, గేటు మూల
లేత ఎండ

ఒరే బుడంకాయ్,

ముందు అక్షరాలు చూసుకో. పూసలు గుచ్చినట్టున్నాయా, లేదా? వేలు మానింది, గీత కూడా వెతికితే తప్ప కనపడదు. చంక కింద కోత కూడా మూసుకుంది. కట్టు విప్పిన రోజు నేను అటు చూడలేదు. "అంటు పట్టిందా డాక్టరుగారూ?" అన్నాను. ఆయనకి అర్థం కాక మీ బావ వైపు చూశాడు. మీ బావ వంగి చూసి "పట్టింది" అన్నాడు. అని బయటికెళ్ళిపోయాడు. కళ్ళు తుడుచుకోడానికి వెళ్ళాడని నాకు తెలీదనుకుంటున్నాడు. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. తల తిప్పుతుంది, నాలుగు రోజులకి సర్దుకుంటుంది. గుండుతో అచ్చం నాయనమ్మనే. పనమ్మాయి నన్ను చూసి రెండింతలు పని చేస్తోంది.

ఇక నీ మొదటి పేరా. తరతరాలూ లేవు, కాకరకాయా లేదు. ఇది నాకు పెళ్ళయిన కొత్తలో అమ్మ చెప్పింది. "తమ్ముడికి చెప్పకే, వాడు నాన్న చెప్పిందల్లా వేదం అనుకుంటాడు" అంది. అందుకని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను.

నువ్వు అమ్మ కడుపులో ఉన్నప్పటి మాట. మంచి అంట్ల కాలం. అమ్మకి కూర్చుంటే లేవలేనంత ఆయాసం. అయినా నాయనమ్మ "ఈ రోజుల్లో కోడలికి సెలవేమిటి?" అని పొద్దున్నే షెడ్డులో కూర్చోబెట్టేది. నాన్నకి తల్లి ముందు నోరు లేదు. నా పెళ్ళానికి ఒంట్లో బాగాలేదు అని ఒక్క మాట అనలేకపోయాడు. ఒకరోజు అమ్మ కళ్ళు తిరిగి, ఆ గేటు మూల చెట్టు పట్టుకుని నిలబడిందట. అది చూసి నాన్న షెడ్డులోంచి కేకేశాడట. "అయ్యో, ఆ చెట్టు ముట్టుకున్నావా! ఇంకేముంది, ఈ రోజు నువ్వు అంటు కట్టడానికి లేదు, అలుగుతుంది!" అని. నాయనమ్మకి మనుషుల మీద జాలి లేకపోయినా అంట్ల మీద ప్రాణం కదా. వెంటనే "లే, లే, అవతలికి పో, దేన్నీ ముట్టుకోకు" అందట. ఆ మర్నాటి నుంచి అమ్మ రోజూ అలిగినట్టు మొహం పెట్టి చెట్టు దగ్గరికి వెళ్ళడం, దాన్ని ముట్టుకోవడం, నీడలో కాళ్ళు చాపుకుని కూర్చోవడం, నువ్వు పుట్టాక కూడా అలిసిపోయినప్పుడల్లా అదే. ఆవిడ వంతు అంట్లు కూడా నాన్నే కట్టేవాడు, పళ్ళ మధ్య పట్టీ పెట్టుకుని. నవ్వు రాకుండా ఉండడానికే పట్టీ అలా బిగించేవాడని అమ్మ అనేది. కాబట్టి చెట్టు పేరు విషయంలో నువ్వు చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే.

ఒక్కసారి నేను పరీక్ష కూడా చేశాను, అమ్మ చెప్పిన కొత్తలోనే. చెట్టు ముట్టుకున్న చేత్తో అంట్లు కట్టాను. అన్నీ పట్టాయి. ఆ తర్వాత ఇంకెప్పుడూ అలా చెయ్యలేదు. అబద్ధమని తెలిసినా నాన్న మాట దాటబుద్ధి కాలేదు.

నీ పెద్దావిడకి ఏం చెప్పుకుంటావో చెప్పుకో. నాన్న ఆ అబద్ధం ఆడింది నీ కోసమేరా. నువ్వు క్షేమంగా పుట్టాలని. అది పట్టుకుని నువ్వు ఇంత దూరం వెళ్ళావు, అక్కణ్ణుంచి నాకు అడ్డం పడ్డావు. వేలు చూసుకోమన్నది నువ్వే, కానీ ఆ ఉత్తరం చదువుతుంటే నాకు వినిపించింది ఆయన కేకే.

బెరడు మూట పంపుతున్నాను. ఈసారి పొద్దున్నే ఒలిచాను, కావాలనే. షెడ్డులో పని కుప్పగా ఉంది, నా ఒంట్లో ఓపిక లేదు. "అయ్యో, చెట్టు ముట్టుకున్నాను, ఈ రోజు అంటు కట్టడానికి లేదు" అన్నాను. మీ బావ ఈ రోజు డ్యూటీ లేదని ఇంట్లోనే ఉన్నాడు. ఒక్క క్షణం నా మొహం చూసి, షెడ్డులోకి వెళ్ళి నాన్న పీట మీద కూర్చున్నాడు. ఇక్కణ్ణుంచి కనిపిస్తున్నాడు. పళ్ళ మధ్య పట్టీ పెట్టుకున్నాడు. ఒక్క అంటూ తిన్నగా కట్టడం లేదు. రేపు అన్నీ విప్పి మళ్ళీ కట్టాలి. ఇవాళ మాత్రం నేను లేవను.

నీ అక్క